అవ్వ వయసెంత? ప్రపంచాన్ని అడగండి!

ఊళ్ళో పెద్దకులం ముసలాయన పోతే పేపర్లో ఫోటో వేయిస్తారు. ఫోటో కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ, మధ్యలో ఒక గీత. పెద్దకర్మ నాడు మైకు పట్టుకున్న పెద్దమనుషులు "ఆయన రెండు ప్రపంచ యుద్ధాలు చూశాడు, స్వరాజ్యం చూశాడు, చంద్రుడి మీద మనిషి కాలు పెట్టడం చూశాడు" అని చెప్తారు. చెప్పనీయండి. మరి అదే ఏడు అదే ఊళ్ళో, కాలవకి ఇవతల మన పల్లెలో పుట్టి, ఆ ముసలాయన చేలోనే అరవై ఏళ్ళు కలుపు తీసి, ఆయన కంటే రెండేళ్ళు ఎక్కువే బతికిన అవ్వ ఏం చూసినట్టు? ఆమె లెక్కలో ఎన్ని యుద్ధాలు? ఈ మాట ఎవరూ అడగరు. అడగడానికి ఆమె పుట్టిన ఏడు ఎక్కడా రాసిలేదు. పుట్టిన ఏడు లేని మనిషికి చరిత్ర కూడా లేదని వాళ్ళ లెక్క.

ఈ లెక్క మేము ఒప్పుకోం. ప్రపంచంలో జరిగినవన్నీ మన పల్లెల మీదుగానే జరిగాయని మేమంటున్నాం. ఊళ్ళో పెద్దాయన యుద్ధం సంగతి పేపర్లో చదివి తెలుసుకున్నాడు. మన తాత వీపు మీద మోసి తెలుసుకున్నాడు. తేడా అంతే.

మర్రిపాడు, ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పల్లెల్లో ముసలోళ్ళని వయసు అడిగి చూడండి. అంకె చెప్పరు. "దివిసీమ ఉప్పెన ఏడు నా చిన్నబిడ్డ చంకలో ఉండాది" అంటుంది ఒకామె. "రామారావు రెండు రూపాయల బియ్యం ఇచ్చిన ఏడు మా ఆయన పొయ్యాడు" అంటుంది ఇంకొకామె. ఇది తెలివితక్కువ అని ఆఫీసుల్లో నవ్వుకుంటారు. కానీ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. బియ్యం పథకం 1983లో మొదలైంది. అవ్వ చెప్పింది తేదీనే కదా! రాసుకోవడం చేతగానిది ఎవరికి?

జనాభా లెక్కల డిపార్టుమెంటుకి ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. వయసు తెలియని వాళ్ళ దగ్గరికి వెళ్ళే ఎన్యూమరేటర్లకి ఆ ప్రాంతంలో జరిగిన సంఘటనల పట్టీ ఒకటి ఇచ్చి, దాన్ని బట్టి వయసు కట్టమని చెప్పేవాళ్ళు. ఎంతమంది ఆ పట్టీ తెరిచి ఓపిగ్గా అడిగారంటే వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మనదేశం జనాభా లెక్కలు తిరగేస్తే 5తోనూ సున్నాతోనూ అయిపోయే వయసుల దగ్గర జనం కుప్పలుగా కనిపిస్తారు. నలభై, నలభై అయిదు, యాభై, అరవై! నలభై మూడేళ్ళ వాళ్ళు ఈ దేశంలో పుట్టనే లేదా? ఎదురుగా కూర్చున్నాయన మొహం చూసి తోచింది రాసుకుపోయాడు, అదీ కత.

గ్రామ మునసబు దగ్గర జనన మరణాల రిజిస్టరు ఉండేది కదా అని కొందరంటారు. ఉండేది. పల్లెలో పుట్టిన బిడ్డ సంగతి ఆ గుమ్మం దాకా పోతే కదా రాయడానికి! కరణం గారి పుస్తకంలో ఊరి భూమి సెంటుతో సహా ఉండేది, ఎవరి గట్టు ఎక్కడిదో ఉండేది, ఆ గట్టు వేసిన మనిషి మాత్రం ఉండడు. 1984లో కరణాలూ మునసబులూ పోయారు. జనన మరణాల నమోదు దేశమంతటికీ 1969 చట్టంతో తప్పనిసరి అయింది. అప్పటికే మన అవ్వలకి పెళ్ళిళ్ళయి పిల్లలు పుట్టారు. మన పిల్లలు బడికి పోవడం మొదలయ్యాక జరిగింది ఇంకో తమాషా. బడిలో చేర్చుకున్న రోజున మొదటి రిజిస్టరులో ఏదో ఒక తేదీ పడాలి గనక సగం పల్లె జూన్ 1నో జూలై 1నో పుట్టేసింది. మా తరంలో బీయే, బీయెడ్లు అయినవాళ్ళ సర్టిఫికెట్లు పక్కపక్కన పెడితే అందరం కవలలమే!

మన ఇళ్ళల్లో కొన్నిటికి పేరూ తేదీ దొరికే పాత కాగితం ఒకటుంది. అది మిషను బాప్తిస్మ రిజిస్టరు. ధాత కరువు, అంటే 1876-78 కరువు, తగ్గాక 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెలంపల్లిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎక్కువమంది మాదిగలే. కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టు పట్టి కూలీ ఇప్పించాడు. కూటికోసం మతం మారారని అప్పుడూ వెక్కిరించారు, ఇప్పుడూ వెక్కిరిస్తారు. మతం సంగతి ఇక్కడ మాకొద్దు. మేము అడిగేది ఒకటే. మన తాతముత్తాతల పేర్లు రాసుకోవడానికి ఈ దేశపు పంతులు ఎవరికీ తీరిక దొరకలేదు, సముద్రం అవతలి నుంచి వచ్చినాయనకి ఎందుకు దొరికింది?

తేదీ దొరికిన పొడుగాటి జీవితం మనవాళ్ళలో ఒకటి చూద్దాం. బోయి భీమన్న గారు. 1911 సెప్టెంబరు 19న తూర్పుగోదావరి జిల్లా మామిడికుదురులో మాల కూలీల ఇంట పుట్టారు. 2005 డిసెంబరు 16న హైదరాబాదులో పోయారు. తొంభై నాలుగేళ్ళు! ఆయన పుట్టిన ఏడే డిసెంబరులో ఢిల్లీలో అయిదో జార్జి దర్బారు జరిగింది. రాజులూ సంస్థానాధీశులూ వంగి వంగి దండాలు పెట్టారు. ఆ దర్బారు బడిపుస్తకాల్లో ఉంటుంది. అదే 1911లో నేరస్థ జాతుల చట్టాన్ని ఇంకా బిగించి మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. దానికింద మన జిల్లా కావలిలో ఎరుకల వాళ్ళని సెటిల్‌మెంటులో పెట్టి హాజరు వేశారు. పుట్టిన బిడ్డ పుట్టుకతోనే దొంగ! ఇది బడిపుస్తకాల్లో ఉండదు. ఆ చట్టం పోయింది 1952లో.

1927లో అంబేద్కర్ మహాడ్ చెరువు నీళ్ళు తాగించినప్పుడు భీమన్న గారికి పదిహేనేళ్ళు. 1932లో పూనా ఒప్పందం నాటికి ఇరవై ఒకటి. చదువుకున్నారు, పత్రికల్లో పనిచేశారు, 'పాలేరు' నాటకం రాశారు. పాలేరు పిల్లోడు చదువుకొని పైకొస్తాడని చెప్పిన ఆ నాటకం ఊరూరా ఆడారు. అంబేద్కర్ 'కుల నిర్మూలన'ని తెలుగు చేసినవాళ్ళలో ఆయన ఒకరు. ఆయనకి యాభై ఆరేళ్ళప్పుడు, 1968 ఫిబ్రవరిలో, కృష్ణాజిల్లా కంచికచర్లలో కోటేశు అనే మనబిడ్డని దొంగతనం అంటగట్టి కట్టేసి కిరసనాయిలు పోసి తగలబెట్టారు. రెండు నెలలు తిరక్కుండా ఏప్రిల్ 4న అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చేశారు. డిసెంబరు 25న తమిళనాడు కీళ్‌వెణ్మణిలో గుడిసెలో తలుపేసి నలభై నలుగురిని కాల్చారు. కింగ్ పేరు ఈరోజు మన బడిపిల్లలకి తెలుసు. తెలియాల్సిందే. కోటేశు పేరు తెలిసిన పిల్లలు ఎందరున్నారు? ఒకే ఏడు జరిగిన మూడిట్లో ఒకటి ప్రపంచ చరిత్ర, రెండు జిల్లా వార్తలు ఎట్లా అయ్యాయి? ఎవరు విడగొట్టారు?

భీమన్న గారి 'గుడిసెలు కాలిపోతున్నై' 1973లో వచ్చింది. 1975లో సాహిత్య అకాడమీ అవార్డు ఇచ్చారు. అవార్డులు ఇచ్చినా గుడిసెలు కాలుతూనే ఉన్నాయి. 1985 జూలై 17న కారంచేడు నాటికి ఆయనకి డెబ్బై మూడు, 1991 ఆగస్టు 6న చుండూరు నాటికి డెబ్బై తొమ్మిది. 2001లో పద్మభూషణ్ ఇచ్చారు. ఆ ఏడే దక్షిణాఫ్రికా డర్బన్‌లో జాత్యహంకారం మీద ఐక్యరాజ్యసమితి మహాసభ జరిగితే, కులం మా ఇంటి వ్యవహారం, అక్కడ ఎత్తడానికి వీల్లేదని మన సర్కారు అడ్డం పడింది. ఒక చేత్తో మెడలో పతకం, ఇంకో చేత్తో నోరు నొక్కడం! ఆయన భావాలన్నీ మాకు నచ్చవు, వేదాల వైపు ఆయన చూసిన చూపు అసలు నచ్చదు. అయినా ఆ జీవితాన్ని పక్కన పెట్టలేం. ఎందుకంటే దానికి తేదీలున్నాయి. తేదీలున్నాయి గనకే ఈ లెక్కలు వేయగలిగాం.

ఇప్పుడు తేదీల్లేని మనవాళ్ళ దగ్గరికి వద్దాం. అసలు సంగతి అక్కడుంది.

1914లో ఐరోపాలో యుద్ధం వచ్చింది. మర్రిపాడు మాదిగపల్లెకీ దానికీ ఏం సంబంధం అంటారేమో. సంబంధం తోలు! తంగేడు చెక్కతో పదునుపెట్టిన మద్రాసు తోళ్ళకి సీమలో మంచి గిరాకీ. సోల్జర్ల బూట్ల పైభాగానికి అదే తోలు కావాలని యుద్ధకాలంలో ఇంగ్లీషు సర్కారు ఆ తోళ్ళన్నీ తనే కొనేసింది. ఎక్కడివి ఆ తోళ్ళు? మద్రాసు రాష్ట్రమంతా పల్లెపల్లెలో చచ్చిన గొడ్డుని మోసి, వలిచి, ఉప్పు రాసి ఇచ్చింది ఎవరు? ఆ వాసన వస్తుందని ఊరు దూరంగా పెట్టింది ఎవరిని? ఫ్రాన్సు బురదలో నిలబడ్డ తెల్లసోల్జరు కాలికి మన తాత చెయ్యి తగిలింది. ఊళ్ళో మాత్రం మన తాత నీడ తగలకూడదు! తోలు షావుకార్లకి మేడలు లేచాయి. మన తాతకి చెప్పులు కుట్టినందుకు ఏడాదికి ఇన్ని గింజలు. యుద్ధం అయిపోయే ఏడు, 1918లో, ఇన్‌ఫ్లుయెంజా జ్వరం వచ్చి మన దేశంలోనే కోటి మందికి పైగా పోయారు. ఇళ్ళకి ఇళ్ళు ఖాళీ అయ్యాయి. 2020లో కరోనా వచ్చినప్పుడు "నూరేళ్ళకి ఒకసారి" అని టీవీల్లో చెప్పారే, అది ఇదే. పాత జ్వరంలో మన పల్లెల్లో ఎవరెవరు పోయారో ఒక్క పేరు చెప్పండి చూద్దాం.

రెండో యుద్ధం మన జిల్లా నేలలోకే వచ్చింది. కాకిబంగారం, అదే మైకా. గూడూరు, రాపూరు వైపు ఎక్కువ, ఆత్మకూరు, కావలి వైపు కూడా గనులుండేవి. రేడియోలకీ విమానాలకీ మైకా రేకు లేకపోతే పని జరగదు. 1942లో ఇంగ్లండూ అమెరికా కలిసి మనదేశపు మైకా కొనడానికే కలకత్తాలో ఒక మిషను పెట్టాయి. గోతుల్లోకి దిగింది మగాళ్ళు. షెడ్లల్లో కూర్చొని కత్తితో పొర పొరగా చీల్చింది ఆడోళ్ళూ పిల్లలూ. దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పొయ్యి దగ్గి దగ్గి పోయినవాళ్ళకి యుద్ధ పింఛను ఎవరిచ్చారు? హిట్లరు ఓడిపోవడంలో మన అవ్వ వేళ్ళు ఉన్నాయని మేమంటే మాస్టర్లకి పిచ్చి పట్టిందంటారు. లెక్క చూసుకోండి, పిచ్చి ఎవరికో!

యుద్ధం ముగిసి నూరెంబర్గులో నాజీల మీద విచారణ నడుస్తున్న 1946లోనే నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుళ్ళోకి మనవాళ్ళని రానీయమని పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్ష చేయాల్సి వచ్చింది. ఆయన 1952లో ఆంధ్రరాష్ట్రం కోసం చేసిన దీక్ష అందరికీ తెలుసు. 2008లో జిల్లాకి ఆయన పేరే పెట్టారు. గుడి దీక్ష సంగతి జిల్లాలోనే సగం మందికి తెలియదు. మనకోసం చేసింది మరుగున పడుతుంది, ఎవరు చేసినా సరే.

అన్నిటికంటే మాకు కడుపు మండే ఏడు 1969. జూలైలో ఆర్మ్‌స్ట్రాంగు చంద్రుడి మీద దిగాడు. ఆ ఏడే మన సర్కారు రాకెట్లు వదలడానికి శ్రీహరికోటని ఎంచుకుంది. అప్పుడది మన జిల్లాదే, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలో కలిసింది. ఆ దీవి ఖాళీగా ఉందా? యానాదులుండారు. ఆ అడవిలో దుంపలూ తేనే మందాకులూ ఏరుకొని, పులికాట్ నీళ్ళల్లో చేపలు పట్టుకొని తరతరాలుగా ఉండారు. వాళ్ళని లేపారు. 1971 అక్టోబరులో మొదటి రాకెట్టు ఎగిరింది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన సాయంత్రం మా బడిలో కూడా పిల్లలకి టీవీ చూపించాం, చప్పట్లు కొట్టాం. కొట్టాల్సిందే, మన పిల్లలు అక్కడ ఇంజినీర్లు కావాలి. అయితే ఆ రాకెట్టు లేచిన నేల ఎవరిదో కూడా అదే టీవీ పక్కన నిలబడి చెప్పాం. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టడం మన యానాది తాత కూడా "చూశాడు". తన కాలికింద నేల పోతుండగా చూశాడు.

1990 సంగతి వేరు. ఆ ఏడు తలుచుకుంటే కాస్త గుండె నిండుతుంది. అత్యాచారాల నిరోధక చట్టం 1989లో పాసై 1990 జనవరి 30న అమలులోకి వచ్చింది. పన్నెండు రోజులకి, ఫిబ్రవరి 11న, ఇరవై ఏడేళ్ళ జైలు తర్వాత నెల్సన్ మండేలా బయటికొచ్చాడు. ఆ ఏడుని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ అక్షరాస్యత సంవత్సరం అంది. ఆ ఊపులోనే మన జిల్లాలో రాత్రిబడులు లేచాయి. ఆ వాచకంలో ఆడోళ్ళు ఏకమై సారాయి ఆపిన పాఠం చదివి, మన పక్కనే కలిగిరి మండలం దూబగుంట ఆడోళ్ళు నిజంగానే ఆపారు. రోశమ్మ గారు 2016లో కన్నుమూశారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారాయి ఆగింది, 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలించారు. అది ఇంకో కత. 1990 ఆగస్టులోనే సద్దాం కువైట్ మీద పడితే కడప వైపు నుంచీ మన మెట్ట వైపు నుంచీ ఇంటిపనికి పోయిన ఆడబిడ్డలు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. గల్ఫ్ యుద్ధం గురించి పుస్తకం రాయాలంటే వాళ్ళని అడిగి రాయాలి. ఢిల్లీలో కూర్చున్న పండితుడికి ఏం తెలుసు?

"పాతవన్నీ ఎందుకయ్యా, పింఛను సంగతి చూడండి" అని పల్లెలో కొందరు మమ్మల్ని కసురుకుంటారు. ఇది పింఛను సంగతే! మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛనుకి అరవై ఏళ్ళు నిండాలి. 2024 జూలై నుంచి నెలకి 4,000 రూపాయలు. అరవై నిండిన అవ్వకి కార్డులో యాభై ఏడు అని పడిందనుకోండి, మూడేళ్ళు ఆగాలి. అంటే 1,44,000 రూపాయలు పోయినట్టు. కార్డు తీసిన రోజున కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లోడు "పుట్టింది ఎప్పుడు?" అని అడిగాడు, ఆమె "ఉప్పెనకి ముందు" అంది, వాడు జనవరి 1 కొట్టి ఏదో ఒక సంవత్సరం వేశాడు. అక్కడ పక్కన మనోడు ఒకడుండి "ఉప్పెన నాటికి నీకెంతమంది బిడ్డలవ్వా?" అని అడిగుంటే సరిపోయేది. భూమి కూడా ఇంతే. డి.కె. పట్టా ఏ ఏడు ఇచ్చారు, ఎవరు సాగు చేస్తుండారు, ఎవరు ఎప్పుడు గట్టు జరిపారు అనే తగువుల్లో ఎమ్మార్వో ఆఫీసులో కాగితం కనిపించదు. కనిపించనప్పుడు మిగిలేది ముసలోళ్ళ నోరే. ఆ నోరు "ఏమో నాయనా, అప్పుడెప్పుడో" అంటే కేసు పోయింది. "ఎమర్జెన్సీ పెట్టిన ఏడు, కోతలప్పుడు" అంటే కేసు నిలబడుతుంది.

ఇప్పుడు జనాభా లెక్కలు కూడా ముంచుకొచ్చాయి. 1931 తర్వాత మళ్ళీ కులాల వారీగా లెక్క తీస్తామని కేంద్రం 2025లో ఒప్పుకుంది. 2027 మార్చి 1 తేదీ ప్రాతిపదిక. ఇంటింటికీ తిరిగేది ఎక్కువగా మనలాంటి అయ్యవార్లే. మాలా మాదిగా అని మనం ఎంత తగువులాడుకున్నా ఈ పనిలో తగువు లేదు, ఇద్దరి ముసలోళ్ళకీ తేదీల్లేవు. కాబట్టి ఎన్యూమరేటరు గుమ్మం ముందుకి రాకముందే పల్లెకి ఒక నోటుబుక్కు పెట్టండి. పదో తరగతి చదివే పిల్లని ఒకర్తెని తోడు తీసుకొని అరవై దాటినట్టు కనిపించే ప్రతి మనిషి దగ్గరా కూర్చోండి. వయసెంత అని అడగొద్దు. 1977 ఉప్పెనకీ, 1984 తుపానుకీ, రెండు రూపాయల బియ్యానికీ, కారంచేడుకీ, సారాయి ఆపిన ఏడుకీ ఎవరు ఎంత ఉండారో, బిడ్డలెంతమందో, ఎవరి చేలో ఏం పని చేస్తుండారో, కూలి ఎంతో అడగండి. నలుగురు కలిసి కూర్చుంటే ఇంకా మంచిది, ఒకరు మర్చిపోయింది ఇంకొకరు అందిస్తారు. మన మునిమనవలు చదువుతారని మనసులో పెట్టుకొని తిట్టినా ఏడ్చినా చెప్పింది చెప్పినట్టు రాయండి.

ఇంకొక్క మాట. 1952 మొదటి ఎన్నికలప్పుడు ఓటర్ల జాబితాలో తమ పేరు చెప్పకుండా "ఫలానా ఆయన పెళ్ళాన్ని, ఫలానా ఆయన తల్లిని" అన్నందుకు ఈ దేశంలో దాదాపు 28 లక్షల మంది ఆడోళ్ళ పేర్లు కొట్టేశారు. ఎక్కువమంది ఉత్తరాది వాళ్ళే. మన పల్లెల్లో కూడా ముసలామెని "మీ పేరేందవ్వా?" అంటే పక్కనున్న కొడుకు జవాబు చెప్తాడు. వాణ్ణి కాసేపు బయటికి పంపండి. ఆమె పేరు ఆమెనే చెప్పనీయండి, దాన్నే మొదటి లైనులో రాయండి.